కబ్బన్ పార్కు: నీళ్ళ వైపు నుంచి ఒక రివ్యూ

బెంగళూరులో ‘గ్రీన్’ అని బోర్డు పెట్టుకున్న పార్కులు చాలా చూశాను. సోలార్ దీపాలు, పాత ప్లాస్టిక్‌తో చేసిన బెంచీలు, గోడకి కుండీలు తగిలించిన వర్టికల్ గార్డెన్లు. ఎవరైనా నన్ను అడిగితే వాటన్నిటికంటే ముందు నేను చెప్పే పేరు కబ్బన్ పార్కు. అక్కడి గడ్డికీ మొక్కలకీ పోసే నీళ్ళే అందుకు కారణం. పార్కు లోపలే జలమండలి, అంటే ఊరికి నీళ్ళిచ్చే బోర్డు, మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉంది. చుట్టుపక్కల డ్రైనేజీలో పారే నీళ్ళని అక్కడ శుభ్రం చేసి తోటకి ఇస్తారు. మొదట కట్టినప్పుడు దాని సామర్థ్యం రోజుకి 15 లక్షల లీటర్లు. పెద్ద ట్యాంకర్ 12,000 లీటర్లు అనుకుంటే, 125 ట్యాంకర్లు.

నేను చేసేదీ ఈ పనే. వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఎస్‌టీపీలు, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంట్లు, చూసుకుంటాను. తొట్లలోకి గాలి ఊదే బ్లోయర్ ఆగిందంటే అర్ధరాత్రి ఫోన్ వచ్చేది నాకే. మా ఊరు కోలారు జిల్లాలో, శ్రీనివాసపురం పక్కన. మామిడి తోటల ఊరు, బోర్లు ఎండిపోయిన ఊరు. అందువల్ల ఏ తోటలో అడుగు పెట్టినా నా కళ్ళు ముందు పైపుని వెతుకుతాయి. ఈ పచ్చదనానికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎంత దూరం నుంచి, ఎవరి వాటాలోంచి? ఈ మూడూ తెలిస్తేగానీ తోట బాగుందని నోరారా అనలేను.

దూరం సంగతే ముందు చెప్తాను, కబ్బన్ పార్కు గొప్పతనం అందులోనే ఉంది. 1870లో ఈ పార్కుకి రూపం ఇచ్చింది మైసూరు సంస్థానం ఇంజనీరు రిచర్డ్ శాంకీ. మల్లేశ్వరం పక్కన శాంకీ చెరువు ఉందే, 1882లో ఊరికి నీళ్ళ కోసం ఆ చెరువు కట్టించిందీ ఆయనే. ఆ కాలంలో పార్కుకి కూతవేటు దూరంలో సంపంగి చెరువు ఉండేది. ఊరు ఆ నీళ్ళే తాగింది, దాని కింద తిగళుల (తోటపని కులం వాళ్ళ) తోటలు పండాయి. ఈ రోజు ఆ చెరువు చోట కంఠీరవ స్టేడియం ఉంది. కరగ ఉత్సవం కోసం మిగిల్చిన చిన్న కుంట తప్ప చెరువు ఆనవాలు లేదు. పక్కనున్న చెరువు చాలదని 1890ల్లో ఊరు నీళ్ళ కోసం హెసరఘట్ట చెరువుకి వెళ్ళింది. అదీ చాలక 1933లో తిప్పగొండనహళ్ళికి వెళ్ళింది. 1974లో కావేరి నీళ్ళ పథకం మొదటి దశ వచ్చింది. 2024 అక్టోబరులో ఐదో దశ మొదలై రోజుకి ఇంకో 77.5 కోట్ల లీటర్లు కలిశాయి. కావేరి నీళ్ళు సుమారు 100 కిలోమీటర్ల నుంచి, దారిలో మూడు చోట్ల పంపులు పెట్టి, అర కిలోమీటరు ఎత్తుకి తోస్తే మన కొళాయిలోకి వస్తాయి. నూటముప్పై ఏళ్ళుగా ఈ ఊరు దాహం తీరడానికి దూరం జరుగుతూనే ఉంది. అలాంటి ఊళ్ళో, నడిబొడ్డున, ఒక తోట మాత్రం తనకి కావలసిన నీళ్ళని మళ్ళీ తన పక్కనుంచే తెచ్చుకుంటోంది.

ఎత్తు సంగతి కరెంటు లెక్కలో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. వెయ్యి లీటర్ల నీళ్ళని 500 మీటర్లు పైకి ఎత్తాలంటే, నష్టం ఏమీ లేదనుకున్నా, 1.36 యూనిట్లు కావాలి. పంపులో పోయేదీ, పైపు రాపిడిలో పోయేదీ కలిపితే రెండు యూనిట్ల దాకా వెళ్తుంది. ఆ నీళ్ళని గడ్డి మీద పోయడమంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. శుద్ధి ప్లాంటూ కరెంటు తింటుంది, తినదని నేను అనను. కానీ ఆ మురుగుని ఎక్కడో ఒకచోట శుభ్రం చేయాల్సిందే కదా. ఎలాగూ ఖర్చయ్యే కరెంటుతో తోటకీ నీళ్ళు దొరికితే కావేరి నీళ్ళు మనిషి గొంతులోకి వెళ్తాయి.

ఇక ప్లాంటు. కబ్బన్ పార్కులో వాడిన పద్ధతి మెంబ్రేన్ బయోరియాక్టర్. మా వాళ్ళు ఎంబీఆర్ అంటారు. మామూలు ఎస్‌టీపీలో ఏం జరుగుతుందంటే, మురుగునీళ్ళు పెద్ద తొట్టిలోకి వస్తాయి, కింద నుంచి బ్లోయర్ గాలి ఊదుతుంది, ఆ గాలి పీల్చుకునే సూక్ష్మజీవులు మురికిని తిని పెరుగుతాయి. తర్వాత ఇంకో తొట్టిలో నీళ్ళని కదలకుండా ఉంచితే ఆ జీవుల ముద్ద, అంటే స్లడ్జ్, అడుక్కి దిగుతుంది. పైన తేటనీళ్ళు తీసుకుని ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు దాటించి, క్లోరిన్ వేస్తాం. ఎంబీఆర్‌లో ఆ రెండో తొట్టి ఉండదు. దాని బదులు సన్నటి పొరలు ముంచి పెడతారు. ఆ పొరల రంధ్రాలు మైక్రాన్‌లో పదో వంతు స్థాయివి. బ్యాక్టీరియా అంతకంటే పెద్దది కాబట్టి లోపలే ఆగిపోతుంది, నీళ్ళు మాత్రం బయటికి వస్తాయి.

తోటకి ఇదే ఎందుకు సరిపోతుందంటే, స్థలం. నీళ్ళు తేరే తొట్టి లేదు. పైగా మామూలు తొట్టిలో లీటరుకి మూడు నాలుగు గ్రాముల స్లడ్జ్‌తో నడిపితే ఎంబీఆర్‌లో 8 నుంచి 12 గ్రాముల దాకా ఉంచవచ్చు. అదే పని చిన్న జాగాలో అయిపోతుంది. చెట్లు కొట్టి తొట్లు కట్టాల్సిన అవసరం తగ్గుతుంది. పార్కులో మిషను పెట్టేవాళ్ళు మొదట ఆలోచించాల్సింది ఇదే అని నా అభిప్రాయం. కష్టం కూడా చెప్పాలి. పొరలకి మురికి పట్టుకోకుండా ఎప్పుడూ గాలి బుడగలతో తోమాలి, దానికి కరెంటు ఎక్కువ. మధ్యమధ్యలో హైపోక్లోరైట్‌తో, సిట్రిక్ యాసిడ్‌తో కడగాలి. కొన్నేళ్ళకి పొరలు మార్చాలి, అవి ఖరీదు. డబ్బు పెట్టి కట్టాక చూసుకునే మనిషి లేక మూలపడిన ఎంబీఆర్‌లు నా వృత్తిలో చూశాను. ఒక అపార్ట్‌మెంట్‌లో కమిటీ మారగానే నిర్వహణ డబ్బు ఆపేశారు. పొరలు ఎండి పగిలిపోయాయి. ఎంబీఆర్ పొర ఒక్కసారి ఎండిందంటే మళ్ళీ పనికి రావడం కష్టం. ఆ మాట ఎంత చెప్పినా ఎవరూ వినలేదు, ఆ ఏడాదంతా వాళ్ళు ట్యాంకర్లకే డబ్బు పోశారు.

అందుకే ఈ పార్కుకి వెళ్ళినప్పుడు నేను గొట్టం దగ్గర ఆగుతాను. శుద్ధి చేసిన నీళ్ళ మంచీచెడూ మీటర్లు లేకుండా తెలుసుకోవాలంటే మూడు గుర్తులు. వాసన: సరిగ్గా నడిచే ప్లాంటు నీళ్ళకి తడి మట్టి వాసన ఉంటుంది, గాలి చాలకపోతే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. నురగ: నేల మీద పడ్డాక నురగ నిలబడితే సబ్బు సరిగ్గా పోలేదని. రంగు: లేత టీ రంగు ఉంటే ఇంకా పని మిగిలుందని. మొన్న పొద్దున నేను వెళ్ళేసరికి ఒకావిడ పూలమడికి నీళ్ళు పెడుతోంది. మాటని బట్టి మన వైపు మనిషే అని తెలిసి పలకరించాను.

“ఏమక్కా, యా ఊరు మీది?”

“చింతామణి తావ సామీ. నువ్వు?”

“శ్రీనివాసపురం. ఈ నీళ్ళు యాడినించి వస్తాయక్కా?”

“ఈడియే. మోరీ నీళ్ళు మిషన్లో ఏసి కడిగి ఇస్తారంట. మొదట్లో నాకు అసియ్యమనిపించె. ఇప్పుడు సూడు, వాసనే లే.” గొట్టం కాస్త నా వైపు తిప్పింది. “తాగేదానికి మాత్రం ఇవి కాదు సామీ, అవి వేరే.”

వంగి వాసన చూశాను. మట్టి వాసన. నురగ లేదు. నేలలోకి చక్కగా ఇంకిపోయాయి. చేతికి అంటితే సబ్బుతో కడుక్కోమని చెప్పారని కూడా ఆమే చెప్పింది. ఆ జాగ్రత్త చెప్పిన వాళ్ళెవరో గానీ వాళ్ళకి దండం. ఎంత మంచి ప్లాంటు నీళ్ళయినా తోటపని చేసేవాళ్ళు చేతులు కడుక్కోవాల్సిందే. రోజంతా ఆ నీళ్ళతో మెలిగేది వాళ్ళు, చూసి వెళ్ళిపోయేది మనం.

ఈ నీళ్ళలో మొక్కకి తిండి కూడా ఉంది. మామూలు శుద్ధిలో నత్రజని, భాస్వరం పూర్తిగా పోవు, కొంత మిగులుతాయి. చెరువులోకి వదిలితే అవే గుర్రపుడెక్కని పెంచి చెరువుని చంపుతాయి. తోటకి పోస్తే ఎరువు ఖర్చు తగ్గిస్తాయి. ఒకే పదార్థం ఒకచోట విషం, ఇంకోచోట బలం. బెల్లందూరు చెరువు మీద నురగ లేచి రోడ్డు మీదికి వచ్చినప్పుడు, నీళ్ళ మీదే మంట అంటుకున్నప్పుడు, టీవీలో చూసి అందరూ భయపడ్డారు. శుద్ధి కాని మురుగు ఏళ్ళ తరబడి చేరితే అలాగే అవుతుంది. మురుగుని పుట్టిన చోటికి దగ్గరలోనే పట్టుకుని శుభ్రం చేసి మొక్కకి పెడితే, చెరువుకి చేరే భారం ఆ మేరకి తగ్గుతుంది. కబ్బన్ పార్కు ప్లాంటు చిన్నదే, కానీ చేస్తున్నది అదే.

అయితే ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచకూడదు. ఉప్పు. ఏ సూక్ష్మజీవీ ఉప్పుని తినదు, ఎంబీఆర్ పొర కూడా కరిగిన ఉప్పుని ఆపదు. మనం స్నానానికీ, బట్టలకీ, గిన్నెలకీ వాడిన నీళ్ళలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న ఉప్పుల లెక్క, తాగేనీళ్ళ కంటే ఎప్పుడూ ఎక్కువే. ఏడాదంతా అవే పోస్తూ పోతే ఎండాకాలంలో నేల పైపొరలో ఉప్పు పేరుకుంటుంది, ఆకుల అంచులు మాడతాయి. దీనికి మందు వాన. బెంగళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, మే నుంచి అక్టోబరు దాకా పడే ఆ వానే నేలని కడుగుతుంది. కానీ కడగాలంటే నీళ్ళు నేలలోకి దిగాలి. నేల మీద రాళ్ళు పరిచి సిమెంటు పోస్తే దిగవు. స్మార్ట్ సిటీ పనుల కాలంలో పార్కులో నడకదారుల పేరుతో కాంక్రీటు పెరుగుతోందని నగరవాసులు గొడవ చేశారు కదా, ఆ గొడవ కేవలం అందం కోసం అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. శుద్ధి చేసిన నీళ్ళతో బతికే తోటలో మట్టి ఊపిరి పీల్చుకునేలా ఉండటం మిగతా తోటల్లో కంటే ఎక్కువ అవసరం.

ఇంకుడు బావుల సంగతి ఇక్కడే చెప్పాలి. కబ్బన్ పార్కులో పాడుబడ్డ పాత బావులని పూడిక తీసి బాగు చేశారు, వాననీళ్ళు దింపడానికి కొత్తగా ఇంకుడు బావులు తవ్వారు. ఇంకుడు బావి అంటే పెద్ద యంత్రమేమీ కాదు. మూడు నుంచి ఐదు అడుగుల వెడల్పు, 20, 30 అడుగుల లోతు గొయ్యి. చుట్టూ సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి. వరలకీ మట్టికీ మధ్య కంకర. అడుగున సిమెంటు వేయరు. వాననీళ్ళు ముందు చిన్న తొట్టిలో ఆగి, మట్టీ ఆకులూ అక్కడ వదిలి, తర్వాత బావిలోకి దిగుతాయి. బెంగళూరు కింద గట్టి రాయి మొదలయ్యేలోపు మెత్తబడ్డ రాతిపొర ఉంది. పాత బావులన్నీ ఆ పొర నీళ్ళే తోడుకున్నాయి. వెయ్యి అడుగుల బోరు వచ్చాక ఆ పొరని అందరూ మరిచిపోయారు. ఇంకుడు బావి ఆ పొరకే నీళ్ళు పోస్తుంది.

ఈ బావుల పని ఎవరిదో తెలిస్తే తెలుగువాళ్ళకి సంతోషం కలగాలి. బెంగళూరులో తరతరాలుగా బావులు తవ్వుతున్నది మన్ను వడ్డర్లు, మన ఆంధ్రలో వడ్డెరలు అంటామే, ఆ కులవృత్తి వాళ్ళే. వాళ్ళలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బోర్లు వచ్చి వాళ్ళ పని పోయిన దశలో, బయోమ్ అనే ట్రస్టు ‘పది లక్షల బావులు’ అని ఒక ఉద్యమం మొదలుపెట్టింది. దానివల్ల వాళ్ళకి ఈ ఊళ్ళో మళ్ళీ చేతినిండా పని దొరికింది. ఏ ఇంజనీరింగ్ కాలేజీ ఇవ్వని చదువు వాళ్ళ దగ్గర ఉంది. పార పడ్డ చప్పుడుని బట్టి కింద ఏ మట్టి ఉందో చెప్పేవాళ్ళని నేను కళ్ళారా చూశాను. గ్రీన్ టెక్నాలజీ అన్నప్పుడు మనకి సెన్సర్లూ యాప్‌లూ గుర్తొస్తాయి. నా లెక్కలో వరల మధ్య కంకర ఎంత మందం వేయాలో తెలిసిన చెయ్యి కూడా టెక్నాలజీయే, దానికి కూలి కూడా ఆ స్థాయిలోనే ఇవ్వాలి.

ఎకరా నేల మీద ఏడాదికి పడే వాన ఎంతో లెక్క వేసుకోండి. ఒక మిల్లీమీటరు వాన ఒక ఎకరా మీద పడితే 4,047 లీటర్లు. 970 మిల్లీమీటర్లకి 39 లక్షల లీటర్ల పైన. అందులో చాలా భాగం మోరీలోకి పోయే ఊరు మనది.

ఇదే లెక్క గడ్డికి వేస్తే పార్కులో నాకు నచ్చని సంగతి బయటపడుతుంది. ఎండాకాలంలో బెంగళూరు ఎండకి పచ్చిక రోజుకి నాలుగు మిల్లీమీటర్ల నీళ్ళయినా ఆవిరి చేస్తుంది. అంటే ఎకరాకి రోజుకి 16,000 లీటర్లు. 15 లక్షల లీటర్లన్నీ గడ్డికే పోసినా 90 ఎకరాలు కాస్త దాటుతుంది, అంతే. అదే ఒక పెద్ద నిద్రగన్నేరుని చూడండి, వేళ్ళు దిగిన చెట్టుకి మనం గొట్టం పెట్టక్కర్లేదు. వెదురు పొద కింద రాలిన ఆకే నేలని చల్లగా ఉంచుతుంది. పచ్చిక పిల్లలు ఆడుకునే చోట ఉండాలి, ముసలివాళ్ళు కూర్చునే చోట ఉండాలి. ఎవరూ అడుగు పెట్టని మూలల్లో కూడా పచ్చిక పరిచి నీళ్ళు పోయడం, అవి శుద్ధి చేసిన నీళ్ళయినా సరే, ఏ తోటలోనైనా నాకు ఇష్టం లేదు. ఆ మూలల్లో ఆకులు రాలనివ్వాలి. ఆకు ఊడ్చి ఎక్కడ వేస్తారని ఆ చింతామణి అక్కనే అడిగితే, “గుంతలో ఏసి మాగబెడతాము సామీ, కాల్చే పని లే” అంది. ఆ జవాబు విన్నాక పార్కుకి నా మనసులో ఇంకో మార్కు కలిసింది.

మా ఇంటి దగ్గర కొత్తగా కట్టిన ఒక చిన్న పార్కు ఉంది. పేరు చెప్పను. గేటు దగ్గరే పెద్ద బోర్డు, పర్యావరణహిత ఉద్యానవనం అని. సోలార్ దీపాలు పెట్టారు, బ్యాటరీలు పోయాక ఎవరూ మార్చలేదు, రాత్రిళ్ళు ఆడవాళ్ళు అటు వెళ్ళడం మానేశారు. గడ్డికి వారంలో మూడు నాలుగు సార్లు బోరు నీళ్ళ ట్యాంకర్ వస్తుంది. ఆ ట్యాంకర్ వచ్చే ఊళ్ళో ఎవరి బోరు ఎండుతోందో ఆ బోర్డు మీద రాసి లేదు. 2024 మార్చిలో జలమండలి తాగేనీళ్ళతో తోటలు తడిపితే, కార్లు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అని ఉత్తర్వు ఇచ్చినప్పుడు ఆ పార్కులో గడ్డి పదిహేను రోజుల్లో గోధుమ రంగులోకి తిరిగింది. మా అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీలో అదే సమయంలో మిగులు నీళ్ళు మోరీలోకి పోతున్నాయి. మధ్యలో ఉన్నది ఒక రోడ్డు. పైపు వేసుకుందాం, నేనే దగ్గరుండి చూసుకుంటాను అని రెండు పక్షాలకీ చెప్పాను. కాగితాలు కదల్లేదు. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

అందుకే కబ్బన్ పార్కు ప్లాంటుని జనం చూడాలని నాకు అంత ఆశ. బడిపిల్లలు బాల భవన్‌కి వస్తారు, చిన్న రైలు ఎక్కుతారు, వెళ్తారు. అదే రోజు వాళ్ళకి మూడు గాజు సీసాలు చూపించాలి: వచ్చిన మురుగు, మధ్యలో గోధుమరంగు స్లడ్జ్ నీళ్ళు, చివర్లో తేటనీళ్ళు. ఒక సూక్ష్మదర్శిని పెట్టి స్లడ్జ్ చుక్కలో ఈదే జీవుల్ని చూపించాలి. మా ప్లాంటుకి వచ్చిన అపార్ట్‌మెంట్ పిల్లలకి నేను చూపిస్తాను. గంట ఆకారంలో తోక మీద నిలబడి ఊగే జీవి ఒకటి ఉంటుంది, వోర్టిసెల్లా. అది కనబడితే ప్లాంటు ఆరోగ్యంగా ఉన్నట్టు. అది చూశాక ఏ పిల్లా ముక్కు మూసుకోలేదు. టాయిలెట్‌లో వేసే యాసిడ్ ఆ జీవుల్ని చంపుతుందని చెప్తే ఇంటికెళ్ళి తల్లులతో పోట్లాడారట. జలమండలీ తోటల శాఖా కలిసి వారానికి ఒక పూట ఇలా తలుపు తెరిస్తే, కట్టడానికి పెట్టిన డబ్బుకి రెట్టింపు ఫలితం వస్తుందని నా నమ్మకం.

మా అమ్మని ఒకసారి ఇక్కడికి తీసుకొచ్చాను. పూలమళ్ళ మధ్య నడుస్తుంటే నీళ్ళ కథంతా చెప్పాను. ఆమె ఆగిపోయింది. “అయితే ఈ పూలు దేవుడికి పెట్టకూడదేమో కదా నాయనా” అంది. నేనేం మాట్లాడలేదు. కొంచెం దూరం నడిచాక ఆమే అంది, “మన మల్లె చెట్టుకి పెంటే కదా వేస్తాము. ఆ పూలేగా పెడతాము.” నీళ్ళు పడి నల్లబడిన మట్టిని కాసేపు చూసి, “మన ఊరి చెరువుకి వచ్చేవి కూడా ఇవేనా?” అని అడిగింది.

ఆమె అడిగింది మా జిల్లా గురించి. 2018 నుంచి బెంగళూరులోని కోరమంగల, చల్లఘట్ట వ్యాలీల శుద్ధి ప్లాంట్ల నీళ్ళు పైపుల్లో కోలారు వైపు చెరువులకి వస్తున్నాయి. ఎన్నో ఏళ్ళుగా పిల్లలు క్రికెట్ ఆడుకున్న చెరువుల్లో నీళ్ళు నిలిచాయి, చుట్టుపక్కల బోర్లలో నీళ్ళు పైకి వచ్చాయి. అదే సమయంలో ఆ నీళ్ళకి రెండు దశల శుద్ధి చాలదు, మూడో దశ కావాలని రైతులు కోర్టుల దాకా వెళ్ళారు. వాళ్ళు అడిగింది న్యాయం. రాజధాని నడిమధ్యన పూలమొక్కకి మెంబ్రేన్ దాటిన నీళ్ళు ఇవ్వగలిగినప్పుడు, చెరువు కింద టమాటా పండించి, ఆ చెరువు ఊట బావిలోంచి తాగే మనిషికి అంతకంటే తక్కువ శుద్ధి ఎందుకు? కబ్బన్ పార్కుని మెచ్చుకుంటున్న కొద్దీ నాకు ఈ ప్రశ్న ఇంకా బలంగా వస్తుంది. అమ్మకి మాత్రం, చెరువుకి వచ్చేవి వేరే ప్లాంట్లవి, వాటినీ ఇంత బాగా చేయాలని అడుగుతున్నారు అని చెప్పాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: పర్పుల్ లైన్‌లో కబ్బన్ పార్క్ అనే స్టేషనే ఉంది, దిగితే పార్కు పక్కనే. టికెట్ లేదు. ఆదివారం లోపలి రోడ్ల మీద బండ్లు ఉండవు, పిల్లలతో వెళ్ళాలంటే ఆ రోజే మేలు. మామూలు పనిరోజుల్లో కార్లు పార్కు మధ్యలోంచి పోతాయి, ఆ పొగా హారన్ల మధ్య చెట్టు కింద నిలబడటం నాకు బాధగానే ఉంటుంది. బండ్లు వారమంతా ఆపాలని అడిగేవాళ్ళతో నేనూ కలుస్తాను. జనవరి నుంచి మార్చి మధ్యలో వెళితే తబెబుయా పూసి ఉంటుంది, చెట్టు కింద నేలంతా గులాబీ రంగు. నీళ్ళ పని చూడాలంటే మాత్రం పొద్దున్నే వెళ్ళాలి, ఎండ ఎక్కకముందే మళ్ళకి పెట్టేస్తారు. గొట్టం పట్టుకున్నవాళ్ళని తెలుగులో పలకరించి చూడండి, చాలాసార్లు తెలుగులోనే జవాబు వస్తుంది. నీళ్ళకి వాసన వస్తే, నురగ నిలిస్తే, జలమండలికి ఫోన్ చేసి చెప్పండి. పెద్ద వాన పడిన మర్నాడు వెళ్ళగలిగితే ఇంకుడు బావుల చుట్టూ చూడండి. నీళ్ళు నిలవకుండా దిగిపోయి ఉంటే ఆ తొట్ల పూడిక ఎవరో వేళకి తీస్తున్నారన్నమాట.